బోర్డు మీద మూడో వాక్యం

జులై 8, మంగళవారం

ఈ రోజు పదో తరగతికి అబద్ధాలు చెప్పాను. హాయిగా ఉంది.

ఏటా చేసే పనే. వాయుపీడనం పాఠం రాగానే మొదటి రోజు బోర్డు నిండా తప్పులు రాస్తాను, ముఖంలో నవ్వు కనబడనివ్వకుండా. పిల్లలు వాటి మీద కొట్టుకు చావాలి, ఇంటికెళ్ళి పెద్దవాళ్ళ ప్రాణం తియ్యాలి. రెండో రోజు ఒక్కొక్క వాక్యం వాళ్ళ చేతే తుడిపించి, ఆ చోట నిజం రాయిస్తాను. నిజం ముందే చెప్పేస్తే ఎవరి చెవికీ ఎక్కదు. తప్పుని నమ్మి నాలిక కరుచుకున్నవాడు జన్మలో మరిచిపోడు.

ఈసారి పందెం పెద్దాయన వంతు. పీడనం కొలతకి తన పేరు ఇచ్చి పోయిన మహానుభావుడు, మూడున్నర శతాబ్దాల కిందటివాడు, లెక్కలవాడు, దైవభక్తుడు. పందెం పెద్దాయన అన్నది పాత బ్యాచి పిల్లలు పెట్టిన పేరు. నాకూ అదే అలవాటైపోయింది. ఆయన గురించి లోకం పొరబడే సంగతులు నాలుగు రాశాను:

ఒకటి, కొండెక్కి గాలి బరువు తూచాడు. రెండు, జూదగాడు, నరకం భయంతో దేవుణ్ణి కూడా పందెంలో పెట్టాడు. మూడు, నమ్మకం లేకపోయినా ఉన్నట్టు నటించు, పోయేదేముంది అన్నాడు. నాలుగు, దేవుడు దొరికాక సైన్సుని చెత్తబుట్టలో పారేశాడు.

ఊడ్చే ఆవిడ తుడిచేస్తుందని కింద పెద్ద అక్షరాలతో ‘చెరపవద్దు’ అని రాసి వచ్చాను.

మా ఆవిడ మిషను మీద స్కూలు యూనిఫారాలు కుడుతోంది. పెద్దాయన కోటు సంగతి చెప్పాను. ఒక రాత్రి ఆయనకి దేవుడు నిప్పులా అనుభవమయ్యాడట. ఆ మాటలు కాగితం మీద రాసుకుని కోటు లైనింగులో పెట్టి కుట్టుకున్నాడు. ఆయన పోయాక పనివాడికి దొరికింది. అంతవరకూ పురుగుకి కూడా తెలీదు.

“కోటు మార్చినప్పుడో?” అంది దారం కొరుకుతూ.

“విప్పి కొత్త కోటులో కుట్టుకునేవాడట.”

“మగాడి కుట్టు. బయటికి కనబడే ఉంటుంది. ఇంట్లోవాళ్ళు చూసి ఊరుకునుంటారు” అంది.

జులై 9, బుధవారం

పన్ను నొప్పి. సెలవు పెట్టాను.

జులై 10, గురువారం

ఇంకా పన్నే. పెద్దాయనకి పంటి నొప్పి వస్తే అది మరిచిపోవడానికి ఒక వక్రరేఖ లెక్క పట్టుకుని కూర్చున్నాడని అంటారు. అదీ భక్తిలో పడిన తరవాత. నాలుగో వాక్యం తుడవడానికి నా దగ్గరున్న సాక్ష్యం అదే. నేను మాత్రం లవంగం నూనె పెట్టుకుని మూలుగుతున్నాను. మనిషికీ మనిషికీ తేడా ఉండొద్దూ.

జులై 11, శుక్రవారం

నిదానంగా రాయాలి.

పొద్దున స్టాఫ్ రూములోకి వెళ్ళగానే మాటలు ఆగిపోయాయి. డ్రాయింగు మాస్టారు నన్ను పక్కకి లాగి ఫోను చూపించాడు. నా బోర్డు ఫోటో, తల్లిదండ్రుల గ్రూపులో. నా అక్షరాలు. నాలుగు వాక్యాలూ, కింద నా ‘చెరపవద్దు’. దాని పైన ఎవరో రాశారు: ‘చర్చి బడిలో ఈ సైన్సు మాస్టారు మన పిల్లలకి నేర్పుతున్నది ఇదీ. పైగా చెరపవద్దట!’

“మీ దస్తూరీయే కదా?” అన్నాడు.

“నాదే. కానీ ఇవి తప్పులు! రెండో రోజు తుడిపిస్తాను. ఏటా చేసేదేగా!”

“రెండో రోజు ఏదీ మరి?” అన్నాడు.

రెండో రోజు నా పన్ను తినేసింది.

కరస్పాండెంటు ఫాదర్‌గారు పిలిచారు. బడీ, మేముంటున్న క్వార్టర్సూ అన్నీ ఆయన చేతిలోవే. కూర్చోమన్నారు. అదే భయం వేసింది, ఎప్పుడూ కూర్చోమనరు. వచ్చే శనివారం తల్లిదండ్రుల మీటింగు పెడతారట. అంతవరకూ పదో తరగతి గదికి తాళం. బోర్డు ఉన్నది ఉన్నట్టు ఉండాలట, విచారణ కోసం. నేను ఒక్క అక్షరం తుడిచినా సాక్ష్యం చెరిపినట్టేనట.

వస్తూ తరగతి కిటికీలోంచి చూశాను. ఆ ‘చెరపవద్దు’ నన్నే చూస్తోంది.

జులై 12, శనివారం

స్కూటరు రెండు టైర్లలోనూ గాలి లేదు.

పంక్చరు షాపు అతను తిప్పి చూసి, “మేకు లేదు మాస్టారూ. ఎవరో తీసేశారు. మీకు పడనివాళ్ళెవరైనా ఉన్నారా?” అన్నాడు. లేరన్నాను. గాలి పడుతూ గేజీ చూపించాడు. దాని మీద పెద్దాయన పేరు లేదు, వేరే కొలత. ఇంత జరుగుతున్నా అది గమనించాను చూడు, నా బుద్ధి పోనిచ్చుకున్నాను కాదు.

భయం లేదు. పిల్లల ఆకతాయితనం.

జులై 13, ఆదివారం

చర్చిలో మా బల్ల మీద మేమిద్దరమే. మిగతా బల్లల మీద సర్దుకుని సర్దుకుని కూర్చున్నారు, ఒకాయనైతే పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని మరీ. మా పక్కన అంత ఖాళీ.

విశ్వాస ప్రమాణం దగ్గర అందరితోపాటు లేచి నిలబడ్డాం. ‘విశ్వసించుచున్నాను’ అన్న మాట రాగానే మా ఆవిడ మామూలుగానే గొంతు చించుకుంది. పెళ్ళైనప్పటినుంచీ అంతే. మిగతా ప్రార్థన అంతా పిచ్చుకలా గొణుగుతుంది, ఆ ఒక్క మాట దగ్గర మాత్రం నా కుడి చెవి పగలగొడుతుంది. దేవుడికి చెముడా అని ఎన్నిసార్లు వేళాకోళం చేశానో. ఈ రోజు చెయ్యలేదు. నా పెదాలు కూడా అందరితోపాటు ఆడాయి.

బయటికొస్తుంటే బస్సు డ్రైవరు అడ్డం వచ్చి నిలబడ్డాడు. కూతురు పదో తరగతి. బక్కగా, ఎత్తుగా ఉంటాడు, అరవలేదు. అరిచినా బాగుండేది.

“మా పాప ప్రార్థనకి కూర్చోవటం మానేసింది మాస్టారూ. నటిస్తే చాలట కదా నాన్నా, ఆయనే అన్నాడట కదా, మరి మన ఇంట్లో ఎవరు నటిస్తున్నారు అని అడిగింది నన్ను. నన్ను!”

“అది తప్పండీ, నేను...”

“శనివారం చెప్దురుగాని” అని వెళ్ళిపోయాడు.

జులై 14, సోమవారం

ఫోన్లు. ఒకడు ఏమీ మాట్లాడడు, ఊపిరి వినిపిస్తుంది. ఇంకొకడు “క్వార్టర్స్ గేటు ఎప్పుడు మూస్తారు సార్?” అని మర్యాదగా అడిగి పెట్టేశాడు. ఆ మర్యాదకి అన్నం సహించలేదు.

యూనిఫారాలు ఇచ్చినవాళ్ళు బట్ట వెనక్కి పట్టుకుపోతున్నారు. సగం కుట్టిన చొక్కాని కూడా ఒకావిడ చేతిలోంచి లాక్కుపోయిందట. మా ఆవిడ సూదులన్నీ ఏరి డబ్బాలో పెట్టుకుంటోంది.

“నా వల్ల కదూ” అన్నాను.

“మీ పన్ను వల్ల” అంది. నవ్వు రాలేదు ఇద్దరికీ.

జులై 15, మంగళవారం

ఫాదర్‌గారు మంచివారు. అదే నా ఖర్మ. చెడ్డవాడైతే తిట్టుకునైనా బతికేవాణ్ణి.

“పద్ధతి నాకు అర్థమైంది. మీరు తప్పులని చెప్పడానికే రాశారు. కానీ అందరికీ పాఠం చెప్పి ఒప్పించే టైము లేదు. చిన్న దారి ఉంది” అని ఒక కాగితం తోశారు. అందులో నా విశ్వాసం గురించి ఉంది. నేను పూర్ణ హృదయంతో నమ్ముతున్నానని, నా మాటా నా మనసూ ఒకటేనని. శనివారం అందరి ముందూ పైకి చదివి సంతకం పెడితే అయిపోతుందట.

“ప్రతి ఆదివారం అనేదేగా! సంతకం పెడితే పోయేదేముంది?”

స్టాఫ్ రూములో డ్రాయింగు మాస్టారు కూడా అదే. “పోయేదేముంది మాస్టారూ? పెడితే ఉద్యోగం, ఇల్లు, పరువు. పెట్టకపోతే అన్నీ గోవిందా.”

ఆ మాట వింటూ నాకు చెమటలు పట్టాయి. ఇదే కదా నేను బోర్డు మీద రాసింది. పెద్దాయన అనని మాట ఇదే కదా. లాభం కోసం అబద్ధం ఆడమని ఆయన ఎక్కడా అనలేదు. ఊళ్ళోవాళ్ళందరూ అంటున్నారు.

సంతకం పెట్టేస్తాను. అదేమంత పెద్ద విషయం.

జులై 16, బుధవారం

పెట్టలేదు. శనివారానికి ఇంకా టైముంది కదా.

కాగితం చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. చెమటకి మెత్తబడుతోంది. అద్దం ముందు చదువుకుని చూశాను, గొంతు సరిచూసుకుందామని. మొదటి వాక్యం బాగానే వచ్చింది. తరవాత దగ్గు వచ్చింది.

భయం లేదు.

జులై 17, గురువారం

రాయి. వంటింటి కిటికీ. మా ఆవిడ అక్కడే ఉంది. తగల్లేదు. గాజు పెంకులు పప్పులో పడ్డాయని పారబోసింది. నేను గదిలో తలుపు వెనక నిలబడిపోయాను. ఆవిడే వచ్చి, “మీకేం కాలేదుగా?” అని అడిగింది.

నాకేం కాలేదు!

జులై 18, శుక్రవారం

ఇక దాచి ప్రయోజనం లేదు. ఇది నేనే చదువుకునే పుస్తకం. నా దగ్గర నాకేం మొహమాటం.

నాకు నమ్మకం లేదు.

రాశాను. కొట్టెయ్యను.

ఎప్పుడు పోయిందో తెలీదు. ఒక రోజు పోయింది అని చెప్పలేను. తాళంచెవి పోయినట్టు, వెతుక్కున్నప్పుడే తెలిసింది. అప్పటికి ఉద్యోగం చర్చిది, ఇల్లు చర్చిది, పెళ్ళాం అయితే ఆ గుమ్మం తొక్కందే పచ్చి గంగ ముట్టని మనిషి. ఎక్కడ చెప్పను? పెదాలు ఆడించడం నేర్చుకున్నాను. ఆ మాట దగ్గర గొంతు రాదు. రానివ్వను. అబద్ధమాడకుండా ఉన్నానని అదో తృప్తి, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు.

కాబట్టి నేను భయపడుతున్నది రాళ్ళకి కాదు. రాళ్ళకి కూడా భయమే, కాదని అనను. ఉద్యోగం పోతే ఇంకెక్కడో ట్యూషన్లు చెప్పుకోవచ్చు. కానీ రేపు అందరూ నా నోటి వంక చూస్తారు. ఆవిడా చూస్తుంది. ఇన్నేళ్ళూ పక్కన నిలబెట్టుకున్నవాడు ఉత్త పెదాల మనిషని తెలిస్తే ఆవిడ ముఖం ఎలా అవుతుందో, అది తలుచుకోలేను.

చదివేస్తాను. గట్టిగా, గడగడా చదివేసి సంతకం పెట్టేస్తాను. ఎవరికీ ఏమీ తెలీదు. పోయేదేముంది.

జులై 19, శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మీటింగు హాల్లో అనుకున్నాను. కాదు, తాళం తీసి ఆ గదిలోనే పెట్టారు. పిల్లల బెంచీల్లో తల్లిదండ్రులు మోకాళ్ళు పట్టక ఇరుక్కుని కూర్చున్నారు. మా ఆవిడ చివరి బెంచీలో గోడ పక్కన. నా వెనక బోర్డు. నా ముందు బల్ల మీద కాగితం, ఫాదర్‌గారి పెన్ను.

“చదవండి” అన్నారు ఫాదర్‌గారు.

బస్సు డ్రైవరు లేచాడు. “ఆగండి ఫాదర్. కాగితం ఎవరైనా చదువుతారు. బోర్డు మీదున్నవి తప్పులైతే నిజమేంటో చెప్పమనండి. నేను ఇంటికెళ్ళి మా పాపకి చెప్పాలి.”

అందరూ చెప్పమన్నారు. కొందరు గట్టిగానే. నా చేతికి డస్టరు ఎలా వచ్చిందో తెలీదు, అలవాటు.

“కొండెక్కింది ఆయన కాదండీ. ఆయనకి ఒంట్లో ఎప్పుడూ బాగుండేది కాదు. ఆలోచన ఆయనది. గాజు గొట్టాలు, పాదరసం మోసుకుంటూ ఎక్కింది ఆయన బావగారు. అక్క మొగుడు.”

“ఎక్కడైనా బావలదే చాకిరీ” అన్నారెవరో. కాస్త నవ్వు వచ్చింది గదిలో. మొదటిది తుడిచాను.

“జూదం లెక్కలు కట్టాడు. ఆట మధ్యలో ఆగిపోతే సొమ్ము ఎలా పంచుకోవాలని స్నేహితులు అడిగితే కట్టాడు. దేవుడి గురించి పందెం భాషలో మాట్లాడింది, ఆ భాష తప్ప చెవికెక్కని వాళ్ళతో. నరకం అని ఝడిపించలేదు, ఆ మాట అక్కడ దాదాపు లేనేలేదు. ఉన్నాడని పందెం కాస్తే దొరికేదానికి అంతులేదని చెప్పాడు. ఇక ఆయన సొంత నమ్మకం లెక్కలోంచి వచ్చింది కాదు. అది కోటులో కుట్టుకున్నాడు, ఎవరికీ చూపించలేదు.” రెండోది తుడిచాను.

“సైన్సు కూడా వదల్లేదు. పంటి నొప్పిలో కూడా లెక్క చేశాడు. పోయే ముందు సంవత్సరంలో మామూలు జనం తలా కాస్తా ఇచ్చి ఎక్కే గుర్రపు బండ్లు నడిపించే పని పెట్టుకున్నాడు. వేళకి వచ్చి, దారి తప్పకుండా తిరిగే బండ్లు.”

“అంటే బస్సులే” అన్నాడు డ్రైవరు. మొదటిసారి అతని ముఖం సడలింది. నాలుగోది తుడిచాను. డస్టరు బల్ల మీద పెట్టి కాగితం అందుకున్నాను.

“మూడోది వదిలేశారేం మాస్టారూ?”

నేను కాగితం మడత సరిచేశాను.

“మా పాప అడిగింది అదే.”

కాగితం చదివేస్తే సరిపోయేది. నోరు తెరిచాను కూడా. ‘నేను పూర్ణ హృదయంతో’ అన్నాను. తరవాత మాట రాలేదు. పెదాలు ఆడాయి. నేను ఒక్కణ్ణే నిలబడి ఉన్నాను, చుట్టూ కలిసి అనేవాళ్ళెవరూ లేరు. ఆ ఉత్త పెదాలు అందరికీ కనబడ్డాయి. ఫాదర్‌గారు మెల్లగా, “ఊఁ, నమ్ముతున్నాను” అని అందించారు, పిల్లాడికి అందించినట్టు.

భయంతో చచ్చిపోతాననుకున్నాను. ఆ భయంలోనే చెప్పేశాను.

“ఇది ఆయన అనలేదండీ. నటించమని ఆయన అనలేదు. నమ్మాలని ఉంది, నా వల్ల కావటం లేదు, నేనేం చెయ్యను అని ఒకడు ఏడిస్తే, వాడితో అన్నాడు. నీలాగే ఉండి బాగుపడినవాళ్ళు ఎలా మొదలుపెట్టారో అలా నువ్వూ మొదలుపెట్టు, వాళ్ళ వెనక నడువు అన్నాడు. నడవమన్నాడు, నడిచినట్టు కనబడమనలేదు. ఆ నటించేది ఆయన కాదు. నేను.”

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. “నేనండీ” అన్నాను మళ్ళీ. “ప్రతి ఆదివారం.”

తరవాత అంతా గోల. దొంగ అన్నారు. పిల్లల్ని ఇన్నాళ్ళు వీడి చేతిలో పెట్టామా అన్నారు. ఒకాయన బెంచీ మీదకి ఎక్కాడు. డ్రైవరు మాత్రం కూర్చునే ఉన్నాడు, చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని. ఫాదర్‌గారు పెన్ను తీసి జేబులో పెట్టుకున్నారు. ఆయన కళ్ళల్లో కోపం లేదు, జాలి. “సోమవారం నుంచి రావద్దు. నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యండి. మా చేతుల్లో లేదు” అన్నారు.

వాళ్ళ మధ్యలోంచి నన్ను బయటికి తీసుకొచ్చింది మా ఆవిడే, మోచెయ్యి పట్టుకుని. ఎవరో వెనకాలే కొంత దూరం వచ్చారు. నేను తిరిగి చూడలేదు, ఆవిడ ముఖం వైపు అసలే చూడలేదు.

ఇంటికొచ్చాక తలుపు గడియ పెట్టి, మిషను ముందు స్టూలు మీద కూర్చుంది. కుట్టడానికి ఏమీ లేదు.

“నీకు ముందే చెప్పాల్సింది” అన్నాను.

“ఏం చెప్తారు? పక్కన నిలబడేదాన్ని, నాకు తెలీదా? ఆ మాట దగ్గరికొచ్చేసరికి మీ గొంతు ఆగిపోతుంది. మొదట్లో జలుబనుకున్నాను. ఏళ్ళ తరబడి జలుబు ఎవరికుంటుంది?”

నేను అక్కడే కింద కూర్చుండిపోయాను.

“మరి ఎప్పుడూ అడగలేదే?”

“అడిగితే అబద్ధం ఆడతారు. ఎందుకు ఆడించడం?” అంది. ఖాళీ మిషను చక్రం చేత్తో ఊరికే తిప్పింది. “పక్కవాళ్ళకి తెలిసిపోతుందేమోనని నా ప్రాణం కొట్టుకునేది. అందుకే అక్కడ గొంతు పెంచేదాన్ని, ఇద్దరికీ సరిపడా. మీరేమో దేవుడికి చెముడా అనేవారు.”

ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. “మిషను మోసేది మాత్రం మీరే. నా వల్ల కాదు” అని వంటింట్లోకి వెళ్ళింది.

జులై 20, ఆదివారం

వెళ్ళొద్దన్నాను. రాళ్ళేస్తారన్నాను. “మీరు రావక్కర్లేదు” అంది చెప్పులు వేసుకుంటూ. తలుపు దగ్గర నిలబడి చూశాను. సగం వీధి వెళ్ళాక నేనూ చెప్పులు వేసుకున్నాను. ఎందుకో నాకూ తెలీదు.

మా బల్ల మీద మళ్ళీ మేమిద్దరమే. ప్రార్థన మొదలయ్యాక బస్సు డ్రైవరు, కూతురు వచ్చి అదే బల్ల ఆ చివర కూర్చున్నారు. మా వైపు చూడలేదు. వేరే చోట ఖాళీ ఉంది, నేను చూశాను.

అందరూ లేచారు. ఆ మాట వస్తోంది. తలలు కొన్ని నా వైపు తిరిగాయి. నేను పెదాలు బిగించుకుని నిలబడ్డాను, భయంతో ఒళ్ళంతా తడిసిపోయింది. ఇక దాచాల్సిందేమీ లేదు, ఆవిడ మెల్లగా అనుకోవచ్చు. మెల్లగానే అంటుందనుకున్నాను.

చర్చి అంతా తిరిగి చూసేంత గట్టిగా అంది.

ఇంటికొచ్చి చాలాసేపైంది. కుడి చెవి ఇంకా గింగురుమంటూనే ఉంది.